యలమందయ్య కుళాయి బాగుచేశాడు

హలో, అందరికీ వినపడుతోందా అండీ? పొయ్యి మీద పాలుంటే దించేసి వచ్చి కూర్చోండి. సత్తెనపల్లి పక్కన మా యలమందయ్య సంగతి చెప్తాను.

ఆ ఉదయం వాకిట్లో పట్టా మీద ఎండుమిరపకాయలు పరిచి ఉన్నాయి. కాయ కొనడానికి మిర్చి వ్యాపారి నన్నే సాహెబు వస్తానన్నాడు. బరువు తూగాలని నీళ్లు చల్లి అమ్మేవాళ్లు కొందరుంటారు. యలమందయ్య కాయలో తడి ఉండదని ఊళ్లో పేరు. కానీ పట్టా పక్కనున్న కుళాయి వారం నుంచి కారుతోంది.

"సాహెబుగారు ఈ తడి చూస్తే మనమే చల్లామనుకుంటాడయ్యా. ప్లంబరు బుడాన్‌కి ఫోన్ చెయ్యి," అంది భార్య సుబ్బరావమ్మ.

"మందు కొట్టే స్ప్రేయరే విప్పి బిగిస్తాను. కుళాయెంతే," అంటూ యలమందయ్య డాబా ఎక్కి, ట్యాంకు దగ్గరున్న రెండు వాల్వుల్లో ఒకటి కట్టేశాడు.

అది స్నానాల గదిది. చీరాల నుంచి వచ్చిన బావమరిది చెంచురామయ్య లోపల ఒళ్లంతా సబ్బు పూసుకుని ఉన్నాడు.

"బావా, నీళ్లు ఆగిపోయినయ్."

"ఆగాలనేగా కట్టింది," అని యలమందయ్య తృప్తిగా దిగివచ్చి, కుళాయికి పానా పట్టి తిప్పాడు.

కుళాయి ఊడి కాయల్లోకి ఎగిరింది. గొట్టంలోంచి నీళ్లు ఉవ్వెత్తున లేచాయి. అరచేయి అడ్డం పెడితే ఇంకా విచ్చుకుని, పట్టా అంతటా సమానంగా పడ్డాయి. సరిగ్గా అప్పుడే నన్నే సాహెబు బండి ఆగింది.

"చల్లుకునేవాడివి రాత్రి పూట చల్లుకోవాలి గానీ, నేనొచ్చే వేళకా, యలమందయ్యా?"

"పిల్లల మీద ఒట్టు సాహెబుగారూ, కుళాయి బాగుచేస్తున్నా."

"కుళాయేదీ?"

యలమందయ్య గొట్టం మీద చెయ్యి తియ్యకుండానే చుట్టూ వెతికాడు. సాహెబు తడి చూద్దామని కాయల్లో చెయ్యి పెట్టాడు. చేతికి కుళాయి వచ్చింది.

"నీళ్లు చాలక ఇనుము కూడానా?"

ఇన్నేళ్ల పేరు కాస్తా గొట్టంలో నీళ్లతో పాటే పోయిందని యలమందయ్య తల దించుకున్నాడు. అంతలో స్నానాల గది తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, ఒక్క కన్నే సగం తెరిచి, నురగతో చెంచురామయ్య గోడ తడుముకుంటూ వచ్చాడు.

"ఇదేం మర్యాద బావా? నన్ను ఎండబెట్టి కాయలకి నీళ్లు పోస్తున్నావా?"

సాహెబు అరుగు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. "మోసం చేసేవాడు ఇంత తెలివితక్కువగా చెయ్యడులే. కాయ ఎండనీ, మళ్లీ వస్తా. వేరేవాళ్లకి అమ్మకు."

యలమందయ్యకి ప్రాణం లేచివచ్చింది. మెల్లగా చెయ్యి తీసి చూశాడు. గొట్టంలోంచి చుక్క రాలేదు.

"చూశావుటే, కారడం ఆగింది."

"ఆగకేం," అంది సుబ్బరావమ్మ. "ట్యాంకు ఖాళీ అయింది."

మీ ఇంట్లోనూ పానా పట్టుకున్నాయన ఉంటే, ముందు ఈ కథ ఆయనకి పంపండి. బుడాన్‌కి తర్వాత ఫోన్ చేద్దురు గాని.