డబ్బా మూత మీది ముసలమ్మ

ఊళ్లో మ్యూజియం ఉండటం ఎంత అదృష్టమో, అందులో అడుగు పెట్టకపోవడం అంతకు రెట్టింపు అదృష్టం!

నవ్వకండి. బెల్జియంలో మేం ఫ్లాండర్స్ వాళ్లం, ఏదీ ఊరికే అనం. మా ఊరి మ్యూజియంలో మలుగు చేప తోలు ఒలుస్తున్న ముసలమ్మ బొమ్మ ఉంది. మూడు వందల ఏళ్లనాటిది. దానికోసం మెట్లెక్కడం దేనికి? ఆవిడ బిస్కెట్ డబ్బా మూత మీద ఉంది, గొడుగు మీద ఉంది, నా మేజోళ్ల మీద కూడా ఉంది. గోడకు వేలాడే ఏ బొమ్మయినా మీ కాళ్లను వెచ్చగా ఉంచిందా?

చిన్నప్పటినుంచీ ఆవిడను మా అమ్మ వంటింట్లో, దాల్చినచెక్క బిస్కెట్ల వాసనలో ఎరుగుదును. తేనెరంగు ముఖం, తేనెరంగు గోడ. మ్యూజియం వాళ్లు అసలు బొమ్మను బ్రస్సెల్స్‌లో శుభ్రం చేయించి తెచ్చాక పేపర్లో ఫోటో చూస్తే ఏముంది? నీలం గోడ! బొమ్మను మార్చేశారని గత వారం ఈ కాలమ్‌లోనే ఢంకా బజాయించాను. మ్యూజియం వాళ్లు నన్ను క్షమాపణ చెప్పమంటున్నారు. నా పరువు సంగతి!

సాక్ష్యంగా డబ్బాను చంకలో పెట్టుకుని, యాభై ఎనిమిదో ఏట మొదటిసారి ఆ మెట్లెక్కాను.

"తినేవి లోపలికి తేకూడదు, లీవెన్ గారూ," అంది కాపలా ఆవిడ.

"ఖాళీ డబ్బా. సాక్ష్యం."

"మరి గడ్డం మీద ఆ పొడి ఏమిటో?"

గడ్డం తుడుచుకుని, బొమ్మ పక్కన డబ్బా ఎత్తి పట్టుకున్నాను. "రంగు సంగతి అలా ఉంచండి. తలుపు దగ్గర కొత్తగా ఒకణ్ణి నిలబెట్టారే! టోపీ చేత్తో పట్టుకుని, ఆవిడ ఎప్పుడు తలెత్తుతుందా అని చూస్తున్నాడు. ఎవడు వీడు?"

"మొగుడేమో. మూడొందల ఏళ్లుగా అక్కడే ఉన్నాడు పాపం. మీ డబ్బా మూత గుండ్రం కదా, పట్టలేదు."

ఓడినవాడు మాట మార్చాలి. "మీరు ఇక్కడ కొత్తా?"

"ఇరవై రెండేళ్లయింది."

"మరి నా పేరు మీకెలా తెలుసు?"

"మీ ఎదురిల్లే నాది. రోజూ పొద్దున్నే పలకరిస్తాను. మీరు పేపర్లోంచి తలెత్తితే కదా!"

సరే, బొమ్మ అసలుదే, ఆ తేనెరంగే పాత మురికి. క్షమించండి. కానీ నా సిద్ధాంతం మాత్రం వదలను. పాఠకులారా, డబ్బానే కొనుక్కోండి! మూత గుండ్రంగా ఉంటుంది. అంచున నిలబడ్డవాళ్లు కంటపడరు. ఎంత హాయి!

ఇంతకీ ఆ ఎదురింటావిడ పేరేమిటో అడగనేలేదు.