కోపానికి అయిదు మాటలు

ఆమెకు బొద్దింకలన్నా, బల్లులన్నా భయం లేదు. ఆమె భయమల్లా ఒక్కటే: తన చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయిందని, నాలుగో తరగతి చదివే కూతురికి తెలిసిపోతుందేమోనని. పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడల్లా "చెయ్యి తడిగా ఉందమ్మా, నాన్న వచ్చాక చూద్దాం" అనేది. నాలుగేళ్ళుగా ఆ చెయ్యి ఆరలేదు.

ఆ రోజు పొద్దున ఆమె అనుకున్న పనులు చాలా మామూలువి. దుప్పట్లు ఉతకాలి, మంచం కింద దుమ్ము దులపాలి. జడ వేయించుకుంటూ కూతురు మాట కదిపింది.

"అమ్మా, యాంగ్రీ అంటే కోపం కదా. అలాంటివే ఇంకో నాలుగు మాటలు రాసుకు రమ్మంది టీచర్. మొత్తం అయిదూ చిన్న కోపం నుంచి పెద్ద కోపం దాకా వరసలో పెట్టాలట. నిన్ననే చెప్పింది, మర్చిపోయా. రేపటికి కావాలి."

"నాన్న వచ్చాక..."

"నాన్నకి కోపం సంగతి ఏం తెలుసు? నీకైతే బాగా తెలుసుగా."

అది పొగడ్తో తెగడ్తో తేల్చుకునే తీరిక లేకపోయింది. "నాలుగేం ఖర్మ, నలభై చెప్తాను. సాయంత్రం కానీ" అనేసింది. పిల్ల బడికి వెళ్ళాక గానీ ఎంత మాట అనేసిందో ఆమెకు తెలిసిరాలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో పనికి వెళ్ళిపోయింది. అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమాపణ చెప్పుకునే మనిషి. కాబట్టి మాటలు బయట ఎక్కడో ఏరుకు రావాలి, అదీ ఎందుకో ఎవరికీ చెప్పకుండా.

మేడ కింద మందుల షాపు ఉంది. తలనొప్పి మాత్ర అడిగి, అది చేతికొచ్చాక గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, మనిషికి కోపం బాగా ఎక్కువైతే ఇంగ్లీషులో ఏమంటారు?"

"ఎవరికమ్మా?"

పిల్ల హోంవర్కు అంటే, నీకు రాదా అంటాడు. "ఎవరికని కాదు. ఊరికే, మా ఇంట్లో" అంది నేల చూస్తూ.

షాపాయన ఆమెనూ, ఆమె చేతిలోని తలనొప్పి మాత్రనూ మార్చి మార్చి చూశాడు. "ఫ్యూరియస్ అంటారు."

"అంతకంటే పైన?"

"అంతకంటే పైన కూడా ఉందా మీ ఇంట్లో?" అతను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మొహం పాలిపోయి మాట కూడా రాకపోతే లివిడ్ అంటారు. ఎప్పటినుంచి చెల్లెమ్మా ఇది?"

"నిన్నటినుంచే. రేపు పొద్దున్నకల్లా ఎలాగోలా తేల్చుకోవాలి. లేకపోతే పిల్ల ముందు తలెత్తుకోలేను."

షాపాయన అరలోంచి ఒక ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "దెబ్బలకి. దగ్గరుంచుకో. డబ్బులొద్దు."

మాత్ర కొంటే మందు ఉచితం కాబోలనుకుని, ఆమె సంతోషంగా పుచ్చుకుంది.

మెట్ల మీద ప్రెసిడెంటుగారు ఎదురయ్యారు. ఆ మేడ సంఘానికి ఆయనే పెద్ద. అందరికంటే ముందు తనే దణ్ణం పెడతారు, ఏం మాట్లాడినా పక్కవాళ్ళకు వినపడదు. అంత మంచి మనిషిని అడగడానికి మొహమాటం దేనికని, ఆయనకీ 'మా ఇంట్లో' అనే చెప్పి అడిగేసింది.

"చాలా కొంచెం కోపమైతే అనాయ్డ్ అంటారమ్మా" అన్నారాయన చిరునవ్వుతో. "మీ ఇంట్లో అక్కడితో ఆగుతుందా?"

"ఎక్కడండీ, అయిదు మెట్లున్నాయి. నాలుగే దొరికాయి."

ఆయన చిరునవ్వు ఆపి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, బరువుగా కిందికి దిగిపోయారు.

ఇక మిగిలింది ఒకటే మాట. అది వీధి చివర జిరాక్సు షాపు అమ్మాయి దగ్గర దొరికింది: ఇరిటేటెడ్. ఆ అమ్మాయి మాటతో ఆగలేదు. "అక్కా, మా పిన్ని కూడా నీలాగే గుట్టుగా లాక్కొచ్చింది. నలుగురికీ చెప్పుకోవాలి" అంది. ఆ పిన్నికి కూడా చదువు లేదన్నమాట అనుకుని, ఆమె మనసు కొంత తేలికపడింది.

సాయంత్రం పిల్ల వచ్చింది. అయిదు మాటలూ కాగితం మీద ఉన్నాయి గానీ, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు. "చెయ్యి ఆరనీ" అంటూ ఆమె వంటింట్లో తచ్చాడుతుండగా కింద కలకలం వినిపించింది. తొంగి చూస్తే మెట్ల మొదట్లో భర్త. అతని చుట్టూ మందుల షాపాయన, జిరాక్సు అమ్మాయి, మంచినీళ్ళ గ్లాసుతో ప్రెసిడెంటుగారు. ఆయన వెనక, గోడకు ఆనుకుని ఆయన భార్య. ఉద్యోగం మాని ఆరేళ్ళయినా మేడంతా ఆవిడను ఆఫీసు వదిన అనే పిలుస్తారు. గుమ్మం దాటి రావడమే అరుదు.

"ముందు పది లెక్కపెట్టు బాబూ" అంటున్నాడు షాపాయన.

భర్త పది లెక్కపెట్టాడు. "ఇంకా లెక్కపెట్టమంటారా అండీ?"

"కోపం మనిషిని తినేస్తుంది నాయనా" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నిజమేనండీ."

"ఇంట్లో ఆడపిల్ల ఉంది. చూసి నేర్చుకుంటుంది."

"అదీ నిజమేనండీ."

"ఒప్పుకున్నాడు" అన్నాడు షాపాయన పక్కకి తిరిగి.

ఆమెకు పొద్దుటినుంచి తానన్న మాటలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూతురు నిలబడి ఉంది. నోరు విప్పకపోతే తన గుట్టు దక్కుతుంది. ఆయనదేముంది, ఏమీ అనుకోడు, అన్నం తిని పడుకుంటాడు. నిజానికి ఆమె వెనక్కి రెండడుగులు వేసింది కూడా. ఆ రెండడుగులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తల వాలిపోతుంది.

అప్పుడే భర్త పైకి చూశాడు. "ఏం చేశానే నేను?" అన్నాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

ఆమె చేతిలో కాగితంతోనే గబగబా మెట్లు దిగింది, వెనకే కూతురు.

"ఆయనకి కోపం రాదండీ. నాకే ఇంగ్లీషు రాదు. ఏడుతో మాన్పించేశారు. పాప హోంవర్కు కోసం అడిగాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి సిగ్గేసింది."

జిరాక్సు అమ్మాయి చున్నీ అంచు చూసుకుంది. కూతురు మటుకు తల్లి మొహంలోకి చూసి, "మరి నలభై చెప్తానన్నావు?" అంది.

నవ్వులు పడ్డాయి. ఆమె కూడా నవ్వబోయింది గానీ కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. పిల్ల కాగితం లాక్కుని, "సర్లే, అయిదు ఉన్నాయిగా. వరసలో పెట్టాలి. మీకెవరికైనా వచ్చా?" అని అందరినీ అడిగింది. మాటలు దానం చేసిన వాళ్ళలో ఒక్కరికీ వరస రాలేదు. అనాయ్డ్ పెద్దదా, ఇరిటేటెడ్ పెద్దదా అని షాపాయనా జిరాక్సు అమ్మాయీ వాదనకు దిగారు.

"అనాయ్డ్ మొదటిది తల్లీ." ఆ గొంతు ఎవరిదో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆఫీసు వదినది. కాగితం మీదికి వంగి, చుట్టూ జనం ఉన్నారన్న సంగతే మరిచి చెబుతోంది. "అప్పుడు గ్లాసు కాస్త గట్టిగా కింద పెడతారు. ఇరిటేటెడ్ అయితే, ఏం అడిగినా జవాబుండదు. యాంగ్రీకి గొంతు లేస్తుంది, మనం కిటికీలు మూసుకోవాలి. ఫ్యూరియస్ అయితే కంచాలు ఎగురుతాయి, అందుకే స్టీలువి కొనుక్కోవాలి. లివిడ్ అన్నిటికంటే పైన. అప్పుడు అసలు చప్పుడే ఉండదు. గడియ వేసిన చప్పుడు ఒక్కటే."

పిల్ల అన్నీ చకచకా రాసుకుంది. "అత్తా, మీకు ఇంత బాగా ఎవరు చెప్పారు?"

ఆఫీసు వదిన తల ఎత్తింది. ఎత్తాక గానీ తనేం చెప్పిందో ఆవిడకు తెలియలేదు. ప్రెసిడెంటుగారి చేతిలో ఉన్న గ్లాసు మెట్ల గోడ మీద ఠక్కుమంది.

మరీ గట్టిగా ఏం కాదు. కాస్త గట్టిగా.

"పద, ఇంటికి వెళ్దాం" అన్నారాయన, ఎప్పటిలాగే మెల్లగా.

అందరూ ఆ గ్లాసునే చూస్తున్నారు. దారికి అడ్డంగా నిలబడి ఉన్నవాడు ఆమె భర్త. అతను పక్కకి తప్పుకోలేదు. "క్షమించాలి ప్రెసిడెంటుగారూ" అన్నాడు వినయంగా. "ముందు మీరు కూడా ఒక పది లెక్కపెడితే బాగుంటుందేమో."

ఆమె వెళ్ళి ఆఫీసు వదిన చెయ్యి పట్టుకుంది. పొద్దుటినుంచీ తెలియనందుకు తను సిగ్గుపడుతుంటే, తెలిసినందుకు ఆవిడ సిగ్గుపడుతోంది. "మా ఇంటికి రా వదినా. మిగతా పాఠం కూడా చెబుదువుగాని. నాకే" అంది.

పిల్లకు పదికి పది వచ్చాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం, సరిగ్గా ప్రెసిడెంటుగారు ఇల్లు చేరే వేళకి, తల్లీ కూతురూ చెరో నోటుపుస్తకం పట్టుకుని రెండో అంతస్తులో ఆఫీసు వదిన ఇంటికి వెళ్ళి, భోజనాల వేళ దాకా కదలడం లేదు. వచ్చే వారం మాత్రం బడికి సెలవులు, వీళ్ళు ఊళ్ళో ఉండరు. మీకు అటు ఏదైనా పనుంటే, రెండో అంతస్తులో ఎడమవైపు తలుపు ఒకసారి తట్టండి. ఆయనే తలుపు తీసి దణ్ణం పెడతారు, బాగానే ఉందంటారు. మీరు మాత్రం ఆవిడను చూసే రండి.