లారస్ కట్టిన లేతాకు

జావా నుంచి పిట్టల మీద పరిశోధనకని హరుకు దీవికి వచ్చిన లారస్, ఆ శనివారం పొద్దున ఒక్క పనే పెట్టుకుంది. కొబ్బరితోటలో తేనెపిట్ట గూడున్న చెట్టుకు గుర్తు పెట్టి, టీ తాగి వచ్చి, తీరిగ్గా కూర్చుని చూడాలి. తోటలో చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి. ఎవరో అల్లికకు కోసి పడేసిన లేత కొబ్బరాకు తీసి మానుకు ముడేసింది. పాపం, ఆ దీవిలో లేతాకు కట్టారంటే సాసి, అంటే కోత నిషేధం, వేసినట్టేననీ, చర్చిలో ప్రార్థన చేసి విప్పేదాకా ఆ కాయలు ఎవరూ ముట్టరనీ ఆమెకు తెలియదు. పిట్టల గురించి చదివింది గానీ మనుషుల గురించి ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ చెట్టు, ఆమె దిగిన ఇంటావిడ యోసినాది. ఆవిడకు ఉన్నదే ఆ ఒక్కటి. మర్నాడు కూతురి సంబంధం ఖాయం చేసుకోవడానికి మగపెళ్లివారు భోజనానికి వస్తున్నారు. కొబ్బరిపాలు లేని చేపల కూర పెడితే పరువేం కావాలి? కత్తితో చెట్టు దగ్గరికి వెళ్లిన యోసినా ఆకు చూసి, సాసి పెద్ద ఎలిఫాస్ ఇంటిమీద పడింది.

"ఏం బాబాయ్, ఇన్ని చెట్లుండగా నీకు నాదే కనిపించిందా? రేపు వియ్యాలవారికి ఏం వండిపెట్టను, నీ తలకాయా?"

ఎలిఫాస్‌కు ఆ ఆకు సంగతే తెలియదు. తెలియదంటే ఇక పెద్దరికం ఎక్కడిది? "ఊరికే కడతామా? కారణముంది" అన్నాడు మీసం సర్దుకుంటూ.

ఆ కారణమేదో ఊరే తేల్చేసింది. చెట్టుకు తెగులన్నారు. పక్క చెట్లకూ అంటుకుంటుందన్నారు. తమ చెట్లకూ కట్టమని అందరూ వచ్చి మీద పడేసరికి ఎలిఫాస్‌కు తోటంతా ఆకులు కట్టించక తప్పలేదు. టీ తాగి, ఓ కునుకు కూడా తీసి వచ్చిన లారస్‌కు తన చెట్టేదో తెలిసి చావలేదు.

"పిన్నీ, అన్నిటికీ కట్టేశారేంటి? నేను ఒక్కదానికే కదా కట్టింది!"

"ఓరి దేవుడోయ్, అది నువ్వా!" యోసినా ఆమె చెయ్యి పట్టుకుని ఎలిఫాస్ దగ్గరికి లాక్కుపోయింది. "బాబాయ్, ఇదిగో నీ కారణం!"

ఎలిఫాస్ గబగబా తలుపు మూశాడు. "అరవకే తల్లీ! ఊరికి తెలిస్తే రేపట్నుంచి నా మాట మేక కూడా వినదు. నా పెరట్లో కాయలు ఎన్ని కావాలంటే అన్ని కోసుకుపో. నోరు మాత్రం విప్పకు."

మర్నాడు చర్చిలో ప్రార్థన జరిగింది, ఆకులు విప్పారు, తెగులు పోయిందని అందరూ సంతోషించారు. చిక్కటి కొబ్బరిపాల కూర మగపెళ్లివారు మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. సంబంధం కుదిరింది. సాయంత్రం తేనెపిట్ట పిల్లలకు మేత పెడుతుంటే చూస్తూ లారస్ హాయిగా కూర్చుంది. యోసినా పక్కన చేరింది.

"అమ్మాయ్, నా పడవ మీద కూడా ఏదో పిట్ట వాలుతున్నట్టుంది. దానికీ ఓ లేతాకు కట్టి చూడరాదూ? పెళ్లికి చేపలు చాలా కావాలి మరి. బాబాయ్‌కి పెద్ద వల ఉందిలే."

అటుగా పోతున్న ఎలిఫాస్ చెవిన ఆ మాట పడింది. చీకటి పడకముందే అతను తోటలో లేతాకన్నది లేకుండా ఏరించి సముద్రంలో పారేయించాడు.