గంట తాడు మీద పంట్లాం

దగ్గరికి జరగండర్రా, ఈ గాలికి నా గొంతు అంత దూరం రాదు. మా క్రీట్ దీవిలో ఒక పంట్లాం మనిషిని చంపి, మళ్లీ బతికించిన కథ ఇది.

పాంతెలిస్ మా ఊరి ఇసుక ఒడ్డున గొడుగులూ కుర్చీలూ అద్దెకిచ్చేవాడు. అతని భార్య ఎవాంథియా అక్కడే హోటల్లో వంట చేసేది. వేసవి వచ్చిందంటే మా ఒడ్డున కాలు పెట్టే చోటుండదు. ఆవిడ చేతిలోంచి గరిటె దిగేది కాదు. ఒక సెలవు రోజు పొద్దున్నే గరిటె కింద పెట్టి మొగుడితో అంది:

"ఇవాళ పడవలో కొండకొమ్ము అవతలికి పోదాం. మనిషి మొహం కనపడకూడదు. ఎవరో వండి పెడితే కూర్చుని తినాలి."

"మనిషి కనపడకూడదు, వండి మాత్రం పెట్టాలి. ఎవరు, చేపలా?"

"అదంతా నాకు తెలీదు. పెళ్లయ్యాక ఒక్క పూటైనా తిన్నానా అలా?"

పాంతెలిస్ రొట్టె, జున్ను మూటగట్టాడు.

సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ కొమ్ము దాటాక మా తీరం పూటకో చీర కట్టే మనిషిలాంటిది. మొదట నల్లటి గులకరాళ్ల ఒడ్డు తగిలింది. ఎవాంథియా వాలిందో లేదో, పెనం మీద పడ్డ చేపలా లేచింది. తర్వాత ఎర్ర ఇసుక. అక్కడ వీళ్లు ఈతకు దిగి వచ్చేసరికి కొండమేకలు రొట్టె, జున్నే కాదు, మూటగుడ్డ కూడా నమిలేశాయి. ఖాళీ కడుపులతో మూడో చోటికి చేరారు. తెల్లటి కొండల మధ్య పచ్చటి నీళ్లు, పక్కన పిడికెడంత గుడి. మనిషి అలికిడి లేదు.

పడవ కట్టబోయి పాంతెలిస్ నడుముదాకా నీళ్లలో పడ్డాడు. గుడి గంట నుంచి చెట్టుకు కట్టిన తాడు మీద తడి పంట్లాం కట్టి ఆరేసి, తువ్వాలు చుట్టుకుని, ద్రాక్షసారా రెండు గుక్కలు తాగి గుర్రు పెట్టాడు. ఎవాంథియా వెల్లకిలా నీళ్ల మీద తేలింది. చెవులు నీళ్లలో మునిగితే ఇంక లోకంతో పనేముంది?

మధ్యాహ్నం కొండగాలి లేచింది. పంట్లాం లావుపాటి మనిషిలా ఉబ్బి తాడు లాగింది. ఠంగ్! గాలి ఆగింది. చాలాసేపటికి మళ్లీ ఠంగ్!

మా వైపు గంట గబగబా మోగితే పండగ, ఆగి ఆగి మోగితే చావు. కొండమీది ఊరు ఉలిక్కిపడింది. ఆ గుడిని చూసుకుంటూ అక్కడ ఉండేది ఒక్కడే, మేకల మనూసోస్ తాత. అతని చెల్లెలు కల్లీరోయి ఒక మేక కోసం తగువై అన్నతో ఏళ్ల తరబడి మాట్లాడలేదు. ఆ మేక ఎప్పుడో పోయింది, కోపం మాత్రం మేస్తూనే ఉంది. గంట వినగానే ఆవిడే ముందు గుండెలు బాదుకుంది. చావింటి మర్యాద తప్పకూడదుగా! చేపల పులుసు దించి, కాఫీ, సారా, ఎండు రొట్టెలు పట్టుకుని ఊరంతా నల్లబట్టల్లో కొండ దిగింది.

పాంతెలిస్ కళ్లు తెరిచేసరికి చుట్టూ ఏడుపు.

"శవం ఎక్కడుంది నాయనా?" అంది కల్లీరోయి.

అతను సముద్రం వైపు చూశాడు. ఎవాంథియా కదలకుండా తేలుతోంది.

"ఎవాంథీ! నన్నొదిలి పోయావా!" అంటూ నీళ్లలోకి పరిగెత్తాడు. తువ్వాలు ఒడ్డునే ఆగిపోయింది. ముసలమ్మలు శిలువ గీసుకున్నారు గానీ, మొహం తిప్పుకున్నవాళ్లు లేరు.

"అయ్యో, ఇద్దరా పోయింది!" అని ఊరు గొల్లుమంది.

అతను రెక్క పట్టి లాగగానే శవం లేచి మొగుణ్ణి లెంపకాయ కొట్టింది.

"ఈ ఒక్కపూటైనా నన్ను పడుకోనివ్వవా!"

అప్పుడే లోయలోంచి మేకలతో మనూసోస్ దిగాడు. "ఎవరర్రా పోయింది? నాకు కబురు చెప్పరేం?"

కల్లీరోయి చేతిలోని ఎండు రొట్టె అతని మీదికి విసిరింది. "చచ్చినోడా! చావలేదా నువ్వు?"

"నీకంటే ముందా? ఆ ముచ్చట నీకు దక్కనివ్వను!"

ఆవిడ పరిగెత్తి అన్నను కౌగిలించుకుని భోరుమంది. "నువ్వింత ఏడుస్తావని తెలిస్తే ఎప్పుడో చచ్చేవాణ్ణే," అన్నాడు ముసలాయన, ముక్కు తుడుచుకుంటూ.

ఠంగ్! అందరూ తలెత్తి చూశారు. పంట్లాం గాలికి హాయిగా ఊగుతోంది.

చావు కోసం వండింది వెనక్కి మోసుకెళ్లకూడదు. అక్కడే చాపలు పరిచారు. ఎవాంథియా అలవాటుగా గరిటె అందుకోబోతే కల్లీరోయి లాక్కుంది. "కూర్చో తల్లీ! చచ్చి బతికావు, మొదటి గిన్నె నీదే."

ఎవాంథియా కూర్చుని, నిమ్మకాయ పిండుకుని, కళ్లు మూసుకుని తిన్నది. ఉప్పు కాస్త తక్కువైందని తర్వాత నాతో తప్ప ఎవరితోనూ అనలేదు.

"మనిషి మొహం కనపడకూడదన్నావుగా?" అన్నాడు పాంతెలిస్.

"నోర్మూసుకుని తిననీ," అంది, గిన్నె మళ్లీ చాపుతూ.

విన్నారుగా? గుర్తుంచుకుని మీ వాళ్లకీ చెప్పండి, ఉప్పు సంగతి మాత్రం దాచండి. అన్నట్టు, గుడి తాడుకు కట్టింది మొక్కుబడి కింద లెక్క, వెనక్కి తీసుకోకూడదు. పాంతెలిస్ తువ్వాలుతోనే ఇల్లు చేరాడు. ఆదివారాలు మనూసోస్ గుడికి ఆ పంట్లామే వేసుకొస్తాడు, నడుము దగ్గర కాస్త వదులట.