మంత్రిగారి పరగడుపు

'డాక్టరు చెప్పినట్టే మందు వేసుకుందాం' అనే మహోద్యమాన్ని ఆరోగ్య మంత్రిగారు స్వయంగా ప్రారంభిస్తారనీ, తన సొంత మందును వేదిక మీద ప్రజల కళ్లెదుట డాక్టరు చెప్పినట్టే మింగి చూపిస్తారనీ ప్రకటన వెలువడింది. రాసింది పీఏ. రాసిన వాక్యానికి తనే చప్పట్లు కొట్టబోయి, ఎదురుగా టైపిస్టు ఉందని ఆగిపోయాడు.

మంత్రిగారి పేగులు సున్నితమైనవి. కడుపునొప్పి, ఉబ్బరం, రోజుల తరబడి మలబద్ధకం. అన్ని పరీక్షలూ చేయించి, ఇది ఐబీఎస్ అని తేల్చి, డాక్టరుగారు క్యాప్సూల్స్ రాశారు.

"రోజుకి ఒకటే సార్. పొద్దున్నే పరగడుపున. నమలకుండా మింగాలి. తర్వాత అరగంట దాకా ఏమీ తినకూడదు. ఓ రోజు మర్చిపోతే వదిలెయ్యండి, మర్నాడు కలిపి వేసుకోవద్దు. విరేచనాలు ఎక్కువైతే ఆపేసి వెంటనే నాకు ఫోన్ చెయ్యండి."

మంత్రిగారు శ్రద్ధగా విన్నారు. "పరగడుపు సంగతి మా పీఏ చూసుకుంటాడు" అన్నారు.

"అలాగే సార్" అన్నాడు పీఏ.

ఆ ఆఫీసు పద్ధతే అంత. మంత్రిగారి సంతకం పీఏ పెడతాడు. పరామర్శకు వెళ్లి మంత్రిగారి తరఫున పీఏ కళ్లు తుడుచుకుంటాడు. ఆ మధ్య నడవమని డాక్టరు చెబితే, అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టుకుని పార్కు చుట్టూ పీఏ తిరిగాడు, మంత్రిగారి క్రమశిక్షణను పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. అలాగే ఇప్పుడూ మంత్రిగారు కడుపారా టిఫిన్ చేసి, చెయ్యి కడుక్కుని క్యాప్సూల్ వేసుకునేవారు. పరగడుపు మాత్రం పీఏది.

"ఆయన మందుకి మీరు పస్తుండటమేంటండీ?" అంది భార్య.

"నీకు అర్థం కాదులే. ఇది అడ్మినిస్ట్రేషన్."

నిజానికి అతనికీ అర్థం కాలేదు. కానీ ఇన్నేళ్ల సర్వీసులో 'అలాగే సార్' తప్ప మరో మాట అతని నోట్లోంచి రాలేదు. ఇప్పుడు రమ్మన్నా దానికి దారి తెలియదు.

సభకు ముందు మంత్రిగారు టూరుకెళ్లి మందు సంగతే మర్చిపోయారు. తిరిగొచ్చాక గుర్తొచ్చింది.

"పెండింగ్ ఎన్ని?"

"నాలుగు సార్. కానీ డాక్టరుగారు..."

"మన హయాంలో పెండింగ్ అనే మాట వినపడకూడదయ్యా" అని, నూనె ఓడే టిఫిన్ మీద అన్నీ ఒకేసారి మింగేశారు. పీఏ వినయంగా మంచినీళ్లందించాడు.

సభ రోజు పొద్దున మంత్రిగారు బాత్రూంలోంచి గోడ పట్టుకుని వచ్చారు. బుగ్గలు పీక్కుపోయాయి, పెదాలు ఎండిపోయాయి. ఎన్నిసార్లు వెళ్లారో లెక్క లేదు.

"ఇవాళ్టి క్యాప్సూల్ జేబులో పెట్టుకో. వేదిక మీద మింగాలి" అన్నారు నీరసంగా.

పీఏ ఫోన్ వైపు చూశాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే పరగడుపు గుట్టు బయటపడుతుంది, ఉద్యోగం ఊడుతుంది. చెయ్యకపోతే మనిషే దక్కడేమో. ఆ భయం నిజమైన భయం, ఎవరి తరఫునా పడింది కాదు.

"వద్దు సార్."

అన్నదెవరా అని పీఏ కూడా చుట్టూ చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. ఆ ఊపులోనే ఫోన్ చేసేశాడు.

డాక్టరుగారు పరుగున వచ్చి నాడి చూశారు. "ఒంట్లో నీరంతా పోయింది. క్యాప్సూల్స్ ఆపెయ్యండి. సభ లేదు, గిభ లేదు, సెలైన్ ఎక్కించాలి. ఇంతకీ పరగడుపునే వేసుకున్నారా?"

మంత్రిగారు నొచ్చుకున్నారు. "అనుమానమా డాక్టరుగారూ? మావాడు ఎలా చిక్కిపోయాడో చూడండి."

డాక్టరుగారు పీఏని చూశారు. పీఏ నేలను చూశాడు. అయినా లోపల గర్వంగానే ఉంది. తనకూ వెన్నెముక ఉందనీ, అవసరమైతే అది నిలబడుతుందనీ సాయంత్రం భార్యకి ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాడు.

డాక్టరుగారు సెలైన్ సీసా తగిలించి సూది తీశారు. మంత్రిగారు సూదిని చూసి, పీఏ వైపు తిరిగారు. ఇంకా నోరు తెరవనే లేదు.

పీఏ అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటున్నాడు.