ఎర్ర స్విచ్ మీద మరాఠీ మాట

"బావా, ఈ పేటలో నేరాలు తగ్గాయంటే కారణం పోలీసులు కాదు, నేను," అన్నాడు మా బావమరిది, నా కుర్చీలో వెనక్కి వాలి. "నేరస్థుడి మెదడు ఎక్కడ ఆగిపోతుందో, నా మెదడు అక్కడ మొదలవుతుంది."

ఆ ఉదయం నా పాత సామాన్ల కొట్లో ఉన్న సరుకు మూడే. ఒకటి, బేకరీకి అమ్మిన పిండి కలిపే యంత్రం. పాతదే కానీ గట్టిది. రెండు, తూకానికి కొన్న ఇంగ్లీషు-మరాఠీ నిఘంటువు. మూడు, ఈ బావమరిది. పెళ్ళితోపాటు వచ్చాడు. వాపసు తీసుకునే షరతు లేదు.

యంత్రం ఐదింటికి లారీ ఎక్కాలి. దానికి ముందు ఎర్ర స్విచ్ మీదున్న 'డిజేబ్లింగ్' అనే ఇంగ్లీషు మాటను మరాఠీలో కూడా రాసి అతికించాలి. ఆ స్విచ్ నొక్కితే ఎవరు ఏ మీట వేసినా యంత్రం కదలదు. అప్పుడే గిన్నెలో చెయ్యి పెట్టి, అంటుకున్న పిండి గీకాలి. బేకరీలో ఆ పని చేసే పెద్దావిడ మరాఠీ తప్ప మరేదీ చదవలేదు. పాత యంత్రంలో ఆమె చెయ్యి ఉండగా ఎవరో మీట వేస్తే చూపుడు వేలు నలిగింది. ఆ కట్టుతోనే వచ్చి నా కొట్లో స్టూలు మీద కూర్చుంది.

"మా భాషలో రాసి లేకపోతే నేను చెయ్యి పెట్టను సేఠ్," అంది వచ్చీరాని తెలుగులో. "పెట్టకపోతే రేపటినుంచి పనికి రావద్దన్నాడు మా యజమాని."

నిఘంటువు తెరిచాను. సరిగ్గా ఆ మాట ఉండాల్సిన చోట పేజీ లేదు. చిరిగిన అంచు మాత్రం మిగిలింది.

"ముట్టుకోకు," అంటూ బావమరిది జేబులోంచి భూతద్దం తీశాడు. అది మా ఆవిడ పాత కళ్ళజోడులోని కుడికంటి అద్దం. "ఇన్ని వందల పేజీల్లో ఇదొక్కటే ఎందుకు పోయింది? ఆ మాటకి అర్థం ఏమిటి?"

"పనిచెయ్యకుండా చెయ్యడం."

"ఎవర్ని?"

"యంత్రాన్నిరా."

"నువ్వలా అనుకోవాలనే వాళ్ళ పన్నాగం." వాడి గొంతు తగ్గింది. "అంతర్జాతీయ ముఠా బావా. అర్థం బయటికి పొక్కకుండా పేజీనే మాయం చేశారు."

"ముఠాకి బేకరీతో ఏం పని?"

"అది తెలిస్తే నువ్వే డిటెక్టివ్‌వి అయ్యేవాడివి."

పెద్దావిడ కల్పించుకుంది. "ఆ మాట దేనికో నాకు చెప్పండి సేఠ్. మరాఠీలో నేను చెప్తాను గదా."

నాకూ సబబుగానే తోచింది. కానీ నాకో చాదస్తం ఉంది. అచ్చులో ఉన్నదే అసలు సరుకు, నోటిమాటకి హామీ లేదు అనుకుంటాను. ఈలోగా వాడు నన్ను పక్కకి లాగాడు.

"చూశావా, ఎలా కూపీ లాగుతోందో? ఈ గదిలో మరాఠీ వచ్చినవాళ్ళు ఎంతమంది?"

"ఆవిడొక్కతే."

"అనుమానితుల్లో మొదటి పేరు అదే. కేసు తేలేదాకా ఆవిడతో మరాఠీ ఊసెత్తకు."

"యంత్రానికని పొద్దున్న నేనిచ్చిన బోల్టుల పొట్లం ఆవిడ ఒళ్ళో ఉంది. అది కూడా సోదా చేస్తావా?" అన్నాను వెటకారంగా.

"నేరస్థులు ఆధారాన్ని ఒళ్ళో పెట్టుకుని టీ తాగరు బావా. అనుభవం మీద చెప్తున్నాను."

మధ్యాహ్నమంతా పరిశోధన సాగింది. నేలమీద అడుగుజాడలు కొలిచాడు. అన్నీ వాడివే. పక్క కొట్టు దర్జీని, కత్తెర దేనికి ఉంచుకున్నావని నిలదీశాడు. "పొడుగు నాలుకలు కత్తిరించడానికి," అన్నాడు దర్జీ. మావాడు అదీ రాసుకున్నాడు.

నాలుగున్నరకి పెద్దావిడ లేచింది. "వెళ్తాను సేఠ్. ఇంకో చోట పని వెతుక్కోవాలి. ఈ వేలు చూసి ఎవరిస్తారో మరి."

"కదలకండి. పేజీ ఈ యంత్రంలోనే ఉంది," అంటూ బావమరిది గిన్నెలోకి నడుందాకా వంగాడు. భూతద్దం జారి లోపల పడింది. దాన్ని అందుకోబోతుంటే మోచెయ్యి మీటకి తగిలింది. తిప్పి చూపించడానికని పొద్దున్నే కరెంటు పెట్టి ఉంచాను. కలిపే కొక్కెం మెల్లగా తిరిగి వాడి చొక్కా చేతిని చుట్టుకోసాగింది.

"బావా," అన్నాడు. ఆ గొంతులో డిటెక్టివ్ లేడు. మా ఆవిడ తమ్ముడు ఒక్కడే ఉన్నాడు.

"బంద్ కర్, బంద్ కర్!" పెద్దావిడ కేకేస్తూ దూకింది. నాకు మరాఠీ రాదు. అయినా నా చెయ్యి తిన్నగా ఎర్ర స్విచ్ మీద పడింది. యంత్రం ఆగింది. చొక్కా చెయ్యి భుజం దగ్గర ఊడి కొక్కేనికి వేలాడింది. అసలు చెయ్యి మాత్రం వాడి దగ్గరే ఉంది.

ఆ దూకుడులో పెద్దావిడ పొట్లం జారి బోల్టులు గదంతా దొర్లాయి. కాగితం నా కాళ్ళ దగ్గర పడింది. తీసి చూస్తే అదే పేజీ. తూకం పుస్తకాల్లో కాగితాలు చింపి పొట్లాలు కట్టడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. ఏ పుస్తకమో, ఏ పేజీయో చూసుకునే ఓపిక ఎప్పుడూ లేదు.

"ఇది ఇంటిదొంగ పనేనని ముందే చెప్పాను," అన్నాడు బావమరిది, ఒంటి చేతి చొక్కాతో.

"ఎప్పుడు చెప్పావురా?"

"మనసులో."

పెద్దావిడ పేజీ అందుకుని వేలు పెట్టి చదివింది. "నిష్క్రియ కరణే, అక్షమ కరణే, నికామీ కరణే, అపంగ కరణే." చివరి మాట దగ్గర ఆగి కట్టు చూపించింది. "అంటే అవిటిని చెయ్యడం. ఇది మాత్రం నాకు జరిగింది. మిగతావి చదివేలోపు రెండో వేలు కూడా పోతుంది. ఇందాక మీ చెయ్యి ఏ మాటకి కదిలిందో అది రాయండి సేఠ్."

నేను రంగు డబ్బా ఇచ్చాను. ఆమే రాసింది: 'ఆధీ బంద్ కరా, మగ్ హాత్ ఘాలా.' ముందు ఆపండి, తరవాత చెయ్యి పెట్టండి. ఆ తడి ఆరకముందే యంత్రం లారీ ఎక్కింది.

ఇక లెక్క. యంత్రం మాటిచ్చిన వేళకి పోయింది. పేజీ తిరిగి వచ్చింది. చొక్కా చెయ్యి ఒకటి నష్టం. బావమరిది నిల్వ యథాతథం. ఈ కేసు వాడి గోడమీద 'ఛేదించినవి' అన్న జాబితాలో మొదటిది, ఆఖరిది కూడా.

నెల తరవాత పెద్దావిడ మళ్ళీ వచ్చింది. బేకరీలో ఇంకో యంత్రం మీద కూడా అదే రాయాలట, రంగు కావాలంది. డబ్బా అందుకోవడానికి రెండు చేతులూ చాపింది. ఊరికే లెక్కపెట్టాను. పది. దేనికీ కట్టు లేదు.