వాష్‌బేసిన్‌లో ఎర్ర మరక

ఆ సోమవారం సుబ్బరాయుడి ప్లాన్ చాలా చిన్నది. కూతురు రసజ్ఞను బడి దగ్గర దింపి, తొమ్మిదిన్నరకల్లా హైటెక్ సిటీలో మీటింగుకు చేరాలి. పదో తరగతి చదివే రసజ్ఞకు ఆ మధ్యాహ్నం వక్తృత్వ పోటీ. నెలనుంచీ ఇల్లంతా దద్దరిల్లేలా సాధన చేసింది.

మొహం కడుక్కోబోతే వాష్‌బేసిన్‌లో ఎర్ర మరక కనిపించింది. హాల్లోకొస్తే కూతురు మాస్కు వేసుకుని ఉంది. "నేను పోటీకి పోను నాన్నా" అంటూ రెండడుగులు వెనక్కి జరిగింది. గుప్పున లవంగం వాసన. సుబ్బరాయుడిది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే బుర్ర. తప్పు దొరికేదాకా ఊరుకోదు.

వంటింట్లోకి పరుగెత్తాడు. "లక్ష్మీ! నీ కూతురు గుట్కా తింటాండాది!"

"మెల్లగా అనండి! ఎవురన్నా వింటే మానం పోతాది" అంది లక్ష్మీదేవి.

వినడమెందుకని ఆయనే రాసిపెట్టాడు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, కూతురి పేరు చెప్పకుండా, మహా తెలివిగా: "మన గేటు దగ్గర పిల్లలకు గుట్కా అమ్ముతున్నారు." పుప్పాలగూడలో రెండు వందల ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ అది. వాచ్‌మన్ వీరేశం ఎప్పుడూ ఏదో నములుతుంటాడని ఒకరు గుర్తుచేశారు. నేనూ చూశానని నలుగురన్నారు. పావుగంటలో సెక్రటరీ పుణ్యవతిగారు అతన్ని పనిలోంచి తీసేద్దామని తేల్చేశారు.

తండ్రీకూతుళ్లు కిందికి దిగేసరికి గేటు దగ్గర గుంపు.

"ఏంది మేడం గిట్లంటరు? నేను నమిలేది సోంపు! నాకూ పిల్లలున్నరు, పోరగాళ్లకు గుట్కా ఎట్లిస్త?" వీరేశం జేబులోంచి సోంపు పొట్లం తీసి చూపిస్తున్నాడు.

"గుట్కా తిన్నదెవరంట నాన్నా?" అని రసజ్ఞ అడిగింది. సుబ్బరాయుడు చేతిలోని ఫోను జేబులో దాచుకున్నాడు. ఆ పిల్లకు అర్థమైపోయింది. గుంపులోకి నడిచి మాస్కు తీసేసింది.

"అంకుల్ నాకేం అమ్మలేదు. నా చిగుళ్లలోంచి రక్తం వస్తోంది. రక్తం చూసి భయమేసి రెండు నెలలుగా సరిగ్గా పళ్లు తోముకోవట్లేదు. ఇవాళ పోటీ కదాని గట్టిగా తోమితే ఇంకా ఎక్కువొచ్చింది. నోరు వాసనొస్తోందని లవంగాలు నములుతున్నా." సిగ్గుతో చెవులు కందిపోయాయి.

సుబ్బరాయుడికి తల కొట్టేసినట్టయింది. అక్కడే నిలబడి, ఈసారి తన పేరు పెట్టి, గ్రూపులో తప్పు ఒప్పుకున్నాడు. "మన్నించప్పా" అని వీరేశం చేతులు పట్టుకున్నాడు.

"నా ఫికర్ ఇడువుండ్రి సార్. పాపను జర దవాఖానకు తోల్కపోండ్రి."

మీటింగు మానుకుని తీసుకెళ్తే, పళ్ల డాక్టరు అశ్విని రసజ్ఞ నోరు చూసి, "చిగుళ్ల వాపు. నీ వయసు పిల్లల్లో చాలామందికి ఉంటుంది, ఇందులో సిగ్గెందుకు? రక్తం వచ్చిందని తోమడం మానకూడదు. మెత్తటి బ్రష్‌తో రోజూ రెండు పూటలా తోము" అని పళ్ల మీద గార తీసి శుభ్రం చేసింది. తర్వాత సుబ్బరాయుడి వైపు తిరిగింది. "మీరూ నోరు తెరవండి సార్."

తెరిచాడు. డాక్టరు ఒక్కో పన్నూ కదిపి చూసింది.

"రక్తం రావట్లేదా?"

"వస్తాది మేడం, పదేండ్లుగా. అందురికీ వస్తాదిలే అనుకుంటి."

"పాపది వారంలో తగ్గిపోతుంది. మీకు మాత్రం రెండు పళ్లు కదులుతున్నాయి."

పొద్దుటినుంచీ ఏడుపు మొహంతో ఉన్న రసజ్ఞ ఫక్కున నవ్వింది.

మధ్యాహ్నం పోటీలో ఆమె మాస్కు లేకుండా, మైకు దగ్గరగా పెట్టుకుని మాట్లాడింది. సుబ్బరాయుడు చివరి వరసలో మాస్కు వేసుకుని, కూతురిచ్చిన లవంగం నములుతూ విన్నాడు.